అరవై ఏడేళ్ళకు బోర్లాపడితే

మా చర్చి గోపురం మీద నిలబడి ఒక పక్కకు చూస్తే రేపల్లె రేవులో పడవ ఎక్కుతున్న ఆడవాళ్ళ చీరల రంగులు కనిపిస్తాయి. ఇంకో పక్కకు తిరిగితే బాపట్ల సముద్రం. గాలి వాటంగా ఉంటే అక్కడ చేపల బేరం ఎంత దగ్గర తెగిందో కూడా వినిపిస్తుంది. ఇది అబద్ధమనడానికి మా ఊళ్ళో ఎవరికీ హక్కు లేదు. నలభై ఒక్క ఏళ్ళుగా అక్కడికి ఎక్కినవాణ్ణి నేనొక్కణ్ణే.

నా పేరు ఆదాము. కొబ్బరికాయలు దింపడం నా వృత్తి. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు మా ఊరి పొలాల్లోంచే పోతుంది. ఆ కిటికీలోంచి కనిపించే చెట్లలో నేను ఎక్కనివి రెండే ఉన్నాయి, అవి కూడా నేను పని మానేశాక మొలిచినవే. చెట్లెక్కడం మానేసి రెండేళ్ళయింది. కాయలు ఒలిచి అమ్ముకుంటున్నాను. చదువు అయిదో తరగతి. మా బళ్ళో ఆరో తరగతి లేకపోవడం బడి తప్పు, నాది కాదు.

ఏటా డిసెంబరు మొదటి ఆదివారం నాడు చర్చి మీద క్రిస్మస్ నక్షత్రం కట్టాలి. వెదురు బద్దలతో చేసి, ఎర్ర కాగితం అంటించి, లోపల బల్బు పెట్టిన నక్షత్రం. మనిషంత ఉంటుంది. చర్చి గంట దాకా మెట్లున్నాయి. ఆపైన ఇరవై అడుగులు గోడకు దిగ్గొట్టిన ఇనుప కమ్ములు పట్టుకుని, నక్షత్రాన్ని వీపుకు కట్టుకుని ఎక్కాలి. పైన సిలువ పక్కనున్న గొట్టానికి తాడుతో బిగించాలి. ఆ కాసేపూ ఊరంతా కింద నిలబడి తలెత్తి చూస్తుంది. మా పేట వాళ్ళే కాదు, అవతలి బజారు ఆసాములు కూడా. మిగతా రోజులన్నీ నేను తలెత్తి వాళ్ళతో మాట్లాడాలి, ఆ ఒక్కరోజు వాళ్ళు తలెత్తి నాతో మాట్లాడతారు. "జాగ్రత్త ఆదామూ!" అని అరుస్తారు. చెట్లు మానేసినా గోపురం మానకపోవడానికి ఆ అరుపే కారణం. నా మాటల్లో సగానికి సగం కోతలు. ఇది మాత్రం కాదు.

కిందటేడు దిగేటప్పుడు ఎడమకాలు కమ్మి మీద పెట్టాననుకున్నాను, పెట్టలేదు. చేతుల మీద వేలాడాను. ఎంతసేపో తెలియదు, 'పరలోకమందున్న మా తండ్రీ' అనడానికి సరిపోయింది, ఆమేన్ అనడానికి సరిపోలేదు. కింద జనం నేను వేషాలు వేస్తున్నాననుకుని చప్పట్లు కొట్టారు. నేనూ ఒక చెయ్యి ఊపాను. ఆ సంగతి ఒక్క ప్రభుదాస్‌కే చెప్పాను.

ప్రభుదాస్, నేను ఒకే పలక మీద అక్షరాలు దిద్దుకున్నవాళ్ళం. వాడు పై చదువులు చదివి, బాపట్లలో గుమాస్తా ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు మా చర్చి కమిటీకి సెక్రటరీ. కాలవ గట్టు మీద కూర్చోబెట్టి, "ఒరే, ఇది నీ కడుపులో ఉండాలి" అన్నాను.

"ఉంటుందిలేరా" అన్నాడు.

మళ్ళీ నవంబరు వచ్చింది. రెండువేల అయిదు. నక్షత్రానికి బద్దలు చీలుస్తుంటే ప్రభుదాస్ మా ఇంటికి వచ్చాడు.

"ఒరే ఆదామూ, పైకెక్కేవాళ్ళకి ఈ ఏటి నుంచి డాక్టరు కాగితం ఉండాలంట. పైనుంచి ఉత్తరం వచ్చింది."

"ఎంత పైనుంచి? పరలోకం నుంచా?"

"నీ ఎగతాళి తగలెయ్య! తెనాలిలో ఒకమ్మాయి ఉంది. బట్టలకొట్టు మీరా మొహిద్దీన్ గారి కూతురు. కీళ్ళూ నరాలూ చూస్తది. అట్టా పడుకోబెట్టి ఇట్టా దొర్లిస్తది, కాగితం ఇస్తది. అంతే."

"దొర్లడానికి తెనాలి దాకా ఎందుకు? మా అరుగు మీద దొర్లుతా, వచ్చి చూసుకోమను."

కానీ వెళ్ళాను. వాడు వెంట వచ్చాడు. ఆస్పత్రి చేరగానే నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి, తాను ముందు లోపలికి పోయి పది నిమిషాలు మాట్లాడి వచ్చాడు.

"ఏంట్రా అంతసేపు?"

"నీ గొప్పలు చెప్పొచ్చాను."

"నా గొప్పలు పది నిమిషాల్లో అయిపోయినయ్యా?"

వాడు నవ్వలేదు. బాపట్లలో పెన్షన్ పనుందనీ, రైలు వేళయిందనీ, కాగితం నన్నే తీసుకుని వచ్చే ఆదివారం కమిటీకి ఇమ్మనీ చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ అమ్మాయి పేరు నాజ్నీన్. ముప్పై ఏళ్ళుండవు. గదిలో మంచం లేదు, నేల మీద దళసరి నీలం చాప ఒకటి పరిచి ఉంది.

"తాతగారూ, వెల్లకిలా పడుకోండి. చేతులు రెండూ తల పైకి చాపండి. ఇప్పుడు కుడిచెయ్యి ఒక్కదాంతోనే బోర్లా తిరగాలి. కాళ్ళు కదలకూడదు. కాళ్ళు లేవనుకోండి."

"కాళ్ళు లేవనుకుంటే ఇంటికెట్టా పోవాలమ్మా?"

"ఒక్క నిమిషం లేవనుకోండి. మళ్ళీ ఇచ్చేస్తాను."

పిల్ల గట్టిదే అనుకున్నాను. ముందు కళ్ళు ఆ పక్కకు చూడాలట, తర్వాత తల తిరగాలట, తర్వాత చెయ్యి చాపాలట, మిగతా ఒళ్ళంతా దాని వెంట రావాలట. పసిపిల్లలు అలాగే బోర్లాపడతారట. పెద్దయ్యాక మనం కండబలంతో నెట్టుకొచ్చేస్తాం కాబట్టి ఒంట్లో ఏది దేని మాట వినడం మానేసిందో నడకలో తెలియదట, నేల మీద దొర్లిస్తే దాగదట.

"బోర్లాపడితే బొబ్బట్లు పంచాలి తల్లీ. నువ్వు పడ్డప్పుడు మీ ఇంట్లో పంచారా?"

"మా అమ్మకి చేయడం రాదంటండీ. పక్కింటి సుబ్బరత్నమ్మ గారు చేసి వీధంతా పంచారంట."

కుడిచేత్తో తిరిగాను. ఎడమచేత్తో తిరిగాను. తర్వాత చేతులు లేవనుకోమంది. కుడికాలు ఎత్తి ఎడమ పక్కకు దాటించి, ఆ కాలు లాక్కుపోతుంటే ఒళ్ళు వెళ్ళాలి. వెళ్ళింది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఎడమకాలి వంతు వచ్చింది. కాలు దాటింది. దాటి, అవతలి గట్టున నిలబడి కేకేసేవాడిలా ఆగింది. నడుము ఇవతలే కూర్చుంది. నేను మోచేత్తో చిన్న పోటు పొడిచి తిరిగేశాను.

"మోచెయ్యి వాడారండీ."

"నేను పిలవలేదమ్మా, పేరంటానికి అదే వచ్చింది. సరే, మళ్ళీ చూడు. ఈలోగా ఒక సంగతి చెప్తా. భట్టిప్రోలు అవతల ఒక కొబ్బరిచెట్టు ఉండేది. లేతకాయ కోద్దామని పొద్దున్నే ఎక్కితే, మొవ్వు దగ్గరికి చేరేసరికి కాయ ముదిరి కురిడీ అయింది. దిగేసరికి..."

ఆమె నవ్వుతుండగా కుడిమడమతో నేలను తన్ని తిరిగేశాను.

నాజ్నీన్ నవ్వు ఆపి లేచింది. బల్ల మీంచి ఒక తెల్లకాగితం తెచ్చి నా కుడిమడమ కింద పరిచింది. "ఇంకొక్కసారి తాతగారూ. ఈ కాగితం నలక్కూడదు."

ఈసారి కథ చెప్పలేదు. ఎడమకాలు ఎత్తాను, దాటించాను. ఆగింది. రమ్మన్నాను, రాలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది, నేను తిరగడం లేదు. ఎలాగో మెలికలు తిరిగి చివరికి బోర్లాపడ్డాను. లేచి చూస్తే కాగితం ముడతలు పడి ఉంది. ఆమె దాన్ని తీసి, అరచేత్తో సాపు చేసి, పక్కన పెట్టి రాసుకుంది.

"బాగా కష్టపడ్డారు. మూడు చక్కగా వచ్చాయండీ."

నాలుగింట మూడు. మా బళ్ళో ముప్పయ్యయిదుకే పాసు. ఇది డెబ్బయ్యయిదు.

ఆమె ఇంగ్లీషులో రెండు పేరాలు రాసి కవరులో పెట్టి అంటించింది. "లోపల ఏం రాశానో చెప్తాను, కూర్చోండి" అంది.

"నా ఒంటి సంగతి నాకు తెలియదా తల్లీ. తెలుసులే" అన్నాను.

"అది కాదండీ, రోజూ ఇంట్లో చాప మీద..." అంటూనే ఉంది, నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాను. ఇందులో ఆ పిల్ల తప్పేమీ లేదు.

రేపల్లె పాసింజరులో కవరు సగం బయటికి కనిపించేలా జేబులో పెట్టుకుని కూర్చున్నాను. ఎదుటి సీటాయన అడగక తప్పలేదు.

"ఏంటండి అది?"

"సర్టిఫికెట్టండి. అరవై ఏడేళ్ళకు మళ్ళీ బోర్లాపడ్డాను."

రైలు కదిలేసరికి నా కథలో నన్ను పరీక్ష చేసింది ఒక డాక్టరమ్మ. జంపని వచ్చేసరికి గుంటూరు నుంచి ఇంకో ముగ్గురు దిగారు. మా ఊళ్ళో నేను దిగేసరికి ఏడుగురయ్యారు, వాళ్ళలో ఒకాయన నా ఎడమకాలికి నమస్కారం కూడా పెట్టాడు.

ఇంటికి రాగానే మా రూతుతో, "ఆదివారానికి బొబ్బట్లు చెయ్యవే" అన్నాను.

"ఎందుకు?"

"బోర్లాపడ్డాను కనుక."

నన్ను చూసింది, జేబులో కవరును చూసింది. "ఎన్ని?" అని మాత్రం అడిగింది.

పెళ్ళయి నలభై అయిదేళ్ళు. నేను ఒక పని చెబితే అది ఎదురు మాట్లాడకుండా చేయడం అదే మొదలు. ఆ ఒక్కదానికే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పక్కగదిలో కమిటీ కూర్చుంది. పాస్టరు మనోహర్ అయ్యగారు, సెక్రటరీ ప్రభుదాస్, ఇంకో ముగ్గురు పెద్దలు. నేను క్యారియరు విప్పి, కాగితం పళ్ళేల్లో తలా రెండు బొబ్బట్లు పెట్టి, పైన నెయ్యి వేశాను. సందర్భం చెప్పాను. అందరూ నవ్వారు. "తాత బోర్లాపడ్డాడోచ్!" అన్నాడొకాయన నోటినిండా బొబ్బట్టుతో. అప్పుడు కవరు తీసి, రెండు చేతులతో, అయ్యగారికి అందించాను.

ఆయన చించి చదవడం మొదలుపెట్టారు. నములుతున్న దవడ ఆగిపోయింది.

"సెక్రటరీ గారూ, మీరు చదివి చెబుతారా?"

"మీరే చెప్పండయ్యగారూ" అన్నాడు ప్రభుదాస్, నేల చూస్తూ. వాడి పళ్ళెంలో బొబ్బట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

అయ్యగారు మెల్లగా తెలుగు చేసి చెప్పారు. "ఆదాము గారి రెండు చేతులూ, కుడికాలూ ముందుండి దొర్లించినప్పుడు ఒళ్ళు కలిసి వచ్చింది. ఎడమకాలు ముందున్నప్పుడు మూడుసార్లూ కలిసి రాలేదు, వేరేచోటి నుంచి నెట్టుకున్నారు." అక్కడ ఆగి నా వైపు చూశారు. మళ్ళీ చదివారు. "కిందటి డిసెంబరులో గోపురం మీద ఈ కాలే పట్టు తప్పి, చేతుల మీద వేలాడారని వెంట వచ్చిన స్నేహితులు తెలియజేశారు. ఈ పరీక్ష వారు కోరిన మీదటే చేశాను. ఎత్తులు ఎక్కకూడదని నా అభిప్రాయం."

 నోట్లో ఉన్న ముక్క నమలాలో ఆపాలో పెద్దలకు తెలియలేదు. ఒకాయన గుటక వేసిన చప్పుడు వినిపించింది.

"మరి పైనుంచి వచ్చిన ఉత్తరం ఏదిరా ప్రభుదాసూ?" అన్నాను.

"ఏ ఉత్తరం?" అన్నారు అయ్యగారు.

బైబిల్లో దావీదు రాజు తన సైనికుడు ఊరియా చేతికే సేనాపతికి ఉత్తరం ఇచ్చి పంపాడు. ఊరియాను చావనియ్యండి అని ఆ ఉత్తరంలోనే ఉంది. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆ కథ చెప్పినప్పుడల్లా, అంత దారి పొడుగునా ఒక్కసారి విప్పి చూపించుకోలేదేంటి వెర్రివాడు, అని నేనూ ప్రభుదాసూ పక్కపక్కన కూర్చుని నవ్వేవాళ్ళం. అయినా ఊరియా నాకంటే నయం. వాడు బొబ్బట్లు పట్టుకుపోలేదు.

తెనాలి నుంచి కరెంటు పనివాళ్ళను పిలిపించి, నిచ్చెన వేయించి నక్షత్రం కట్టిద్దామని తీర్మానించారు. "ఈ ఒక్క ఏటికే ఆదామూ" అన్నారు. అన్నవాళ్ళకూ తెలుసు, విన్నవాడికీ తెలుసు.

బయటికి వచ్చి సైకిలు తీశాను. ప్రభుదాస్ వెనకాలే వచ్చాడు.

"ఒరే ఆదామూ, ఆగు."

ఆగాను.

"ముఖం మీద చెబితే వినే రకమా నువ్వు? ఎప్పుడన్నా ఎవరి మాటన్నా విన్నావా?"

"చెప్పి చూశావా?"

వాడు నా సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు.

"ఒక్కసారి చెప్పి చూశావంట్రా? ఆ రోజు గట్టు మీద నీ పక్కన కూర్చుని చెప్పానే, అప్పుడు 'ఇక ఎక్కొద్దురా' అన్నావా?"

"అనలేదు."

"ఏమన్నావు?"

"ఉంటుందిలేరా అన్నాను."

"అదన్నా ఉంచుకోలేదు."

"పడి చస్తావని భయమేసిందిరా."

"భయమేస్తే నాతో చెప్పు. ఆ పిల్ల దగ్గర చెప్పావు. ఆమె చేత రాయించావు. దొంగ ఉత్తరం కల్పించావు. నన్ను పసిపిల్లోడిలా నేల మీద దొర్లించి, ఆ కాగితం నా చేతే మోయించావు. రైల్లో ఎంతమందికి చూపించానో తెలుసా నీకు?"

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు జాలి కలిగిందని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. కలగలేదు. నా కాలు నా మాట వినకపోతే దాన్ని తిట్టుకుంటాను. అది నాకు అబద్ధం చెప్పలేదు, దొర్లమంటే రానని అక్కడే చెప్పేసింది. వీడు చెప్పలేదు.

"నేనొక్కణ్ణే కాదురా..." అని ఏదో అనబోయి నాలిక్కరుచుకున్నాడు.

అది విన్నాక సైకిలు ఎక్కలేకపోయాను. ఇంటిదాకా నడిపించుకుంటూ వచ్చాను. రూతు పెరట్లో పెనం తోముతోంది.

"నీకు తెలుసా?"

తోమడం ఆపలేదు. "తెలుసు. కిందటేడే చెప్పాడు ప్రభుదాసన్నయ్య. ఏదో ఒకటి చెయ్యన్నయ్యా అని నేనే కాళ్ళు పట్టుకున్నా."

"కిందటేడా?"

"ఆ రాత్రే."

ఏడాది. ఏడాదంతా నేను నక్షత్రానికి వెదురు ఎక్కడ బాగుంటుందో చెబుతుంటే ఇద్దరూ తలలూపారు.

"మరి బొబ్బట్లు ఎట్టా చేశావే?"

"నువ్వు అడిగావు." పెనం కడిగి బోర్లించింది. "నువ్వట్టా నవ్వుతా వచ్చి అడిగి ఎన్నాళ్ళయిందయ్యా. చెయ్యకుండా ఎట్టా ఉంటా?"

"వాళ్ళంతా అవి తింటా ఆ కాగితం చదివారు రూతూ."

అప్పుడు ఏడ్చింది. నేను అరుగు మీదకు పోయి కూర్చున్నాను.

డిసెంబరు మొదటి ఆదివారం వచ్చింది. కరెంటు పనివాళ్ళు ఇద్దరు పొడుగు నిచ్చెన తెచ్చారు. ఒకడు ఎక్కాడు. ఊరంతా తలెత్తింది. "జాగ్రత్త బాబూ!" అని అరిచారు. వాడి పేరు కూడా ఎవరికీ తెలియదు. నేను జనానికి వెనక, వేపచెట్టుకు ఆనుకుని నిలబడ్డాను. రాకూడదనుకున్నాను కానీ వచ్చాను.

వాడికి తాడు వేయడం చేతకాలేదు. నక్షత్రం గాలికి గిరగిరా తిరుగుతోంది. ఇంకాస్త సేపుంటే బద్దలు విరుగుతాయి. ప్రభుదాస్ వెనక్కి తిరిగి నన్ను వెతికాడు. అయ్యగారు తిరిగారు. ఒక్కొక్కరే తిరిగి చూశారు. అందరూ నా కళ్ళలోకే సూటిగా చూశారు, తలెత్తవలసిన పని లేకుండా.

"గొట్టానికి రెండు చుట్లు వెయ్యి!" అని అరిచాను. "కొస కింద నుంచి తెచ్చి పై చుట్టులో దూర్చు! ఇప్పుడు లాగు!"

నక్షత్రం నిలిచింది. చప్పట్లు పైవాడికి కొట్టారు. కొట్టవలసింది వాడికే కదా, ఎక్కింది వాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం కాలవలో గాలం వేసుకుని కూర్చున్నాను. ప్రభుదాస్ వచ్చి రెండు బారల దూరంలో కూర్చున్నాడు. 

"ఏమన్నా పడ్డాయంట్రా?"

అరవై ఏళ్ళుగా వాడు ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను. ఒకసారి పడ్డ కొరమేనును లాగడానికి రైలింజనుకు తాడు కట్టవలసి వచ్చింది. ఇంకోసారి పడ్డది నోరు తెరిస్తే అందులో ఇంకొకడు కూర్చుని గాలం వేస్తున్నాడు. వాడు ఒక్కటీ నమ్మలేదు, ఒక్కటీ వినకుండా ఇంటికి పోలేదు.

"రెండు" అన్నాను.

"ఏంటవి?"

"జెల్లలు."

"ఎంతెంత ఉన్నయ్?"

"జానెడు లేవు."

వాడు నా ముఖం వంక చూస్తూ, ఇంకా ఏదో వస్తుందని చాలాసేపు కూర్చున్నాడు. నేను బెండు వంక చూస్తూ కూర్చున్నాను.